ఈ చుక్క ఏ మెదడులోది?

(శ్రీకాకుళంలో జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా డిగ్రీ, ఇంజనీరింగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి రాతరూపం. మాటల ధోరణి చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకీ, మేష్టార్లకీ, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలకీ కూడా. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండమ్మా, నేనేం ప్రశ్నలు అడగను.

బోర్డు మీద మూడు అంకెలు రాశాను చూడండి. మైనస్ 40, 20, 50. మిల్లీమీటర్లు. ఒక పరిశోధన పత్రంలో, మనిషి ఏదో లెక్క చేస్తున్నప్పుడు మెదడులో ఈ చోట చురుకు పెరిగిందని రాశారనుకుందాం. మొదటి అంకె ఎడమా కుడీ చెబుతుంది, మైనస్ అంటే ఎడమ. రెండోది ముందూ వెనకా. మూడోది పైనా కిందా. సున్నా ఎక్కడ? మెదడు నడుమ రెండు అర్ధగోళాలనీ కలిపే ఒక సన్నటి నరాల కట్ట ఉంది, యాంటీరియర్ కమిషర్ అంటారు, మేం పొట్టిగా ఏసీ అంటాం. అక్కడ సున్నా. మూల బిందువు తెలిసింది, దిక్కులు తెలిశాయి, దూరాలు తెలిశాయి. చోటు దొరికినట్టేనా?

దొరకలేదు. ఎందుకంటే ఆ దూరాలు ఎవరి మెదడులో కొలిచారో ఇంకా చెప్పలేదు. మీ తల వేరు, నా తల వేరు. మా ఇంట్లోనే నా టోపీ మా తమ్ముడికి పట్టదు. అందుకని అందరూ ఒప్పుకున్న ఒక మెదడుని ముందు పెట్టుకుని, ఎవరి మెదడు స్కాన్ చేసినా దాన్ని ఈ మెదడు ఆకారంలోకి సర్ది, అంకెలు ఈ మెదడులో చెబుతారు. దాన్ని టెంప్లేట్ మెదడు అంటారు. దాని లోపలి కొలతల చట్రాన్ని టెంప్లేట్ స్పేస్ అంటారు. చిక్కు ఏటంటే, అందరూ ఒప్పుకున్న మెదడు ఒకటి కాదు. చాలా ఉన్నాయి.

పొలం కొలతల సంగతి మీలో చాలామందికి ఇళ్ళలో తెలుసు. పాత ఎఫ్‌ఎంబీ, అంటే సర్వేవాళ్ళ పొలం కొలతల పుస్తకం, తీస్తే ప్రతి సర్వే నంబరుకీ ఒక పటం, ఒక బేస్ లైను, దానికి అటూ ఇటూ ఆఫ్‌సెట్లు, అన్నీ గొలుసుల్లో, లింకుల్లో. గొలుసంటే 66 అడుగులు, దానికి 100 లింకులు. ఈమధ్య రీసర్వేకి రోవరు పట్టుకొచ్చి, ఉపగ్రహాల లెక్కతో అదే సరిహద్దు రాయికి వేరే అంకెలు ఇచ్చారు. రాయి కదల్లేదు, అంకెలు మారాయి. పాత అంకెని తీసుకెళ్ళి కొత్త పటంలో వెతికితే మీ గట్టు పక్కవాళ్ళ చేలో తేలుతుంది. పాత లెక్కని కొత్త లెక్కలోకి తేవాలంటే రెండు పటాల్లోనూ గుర్తుపట్టగలిగే రాళ్ళు కొన్ని కావాలి, వాటిని బట్టి ఒక సూత్రం కట్టాలి. పోలిక ఇక్కడిదాకానే పనికొస్తుంది. పొలం విషయంలో భూమి ఒకటే, పటాలు రెండు. మెదడు విషయంలో భూమే వేరు. ఒకరి మెదడులో ఉన్న మడత ఇంకొకరి మెదడులో అసలు ఉండకపోవచ్చు. కాబట్టి ఇక్కడ సూత్రం ఎప్పుడూ ఒక అంచనా. ఈ మాట మరిచిపోయిన చోటల్లా గొడవలు వచ్చాయి.

మనుషుల మెదళ్ళతో మొదలుపెడతాను. 1988లో జాఁ తలైరాక్, పియేర్ తూర్నూ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఒక అట్లాసు వేశారు. ఏ మెదడు చూసి వేశారు? చనిపోయిన అరవయ్యేళ్ళ ఆవిడది, ఒకే ఒక్కావిడది. అందులోనూ ఒక అర్ధగోళమే కొలిచి, రెండోది కూడా అలాగే ఉంటుందనుకున్నారు. ఆ బొమ్మల మీద బ్రాడ్‌మన్ ప్రాంతాల నంబర్లు రాశారు. బ్రాడ్‌మన్ 1909లో మైక్రోస్కోపులో కణాల అమరిక చూసి చేసిన విభజన అది. అట్లాసులో మాత్రం కంటి అంచనాతో పెట్టారు. అయినా ప్రపంచమంతా ఏళ్ళ తరబడి తమ ఫలితాలని ఆవిడ మెదడులోనే చెప్పుకుంది. పేరు తెలియని ఆ ముసలమ్మ తల మీద ఎన్ని వేల పత్రాలు నిలబడ్డాయో.

తర్వాత కెనడాలో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, ఒక్కరిది కాదు, 305 మంది ఎంఆర్‌ఐలు తీసి సగటు చేశారు. ఆ పైన ఇంకా మంచి స్కాన్లతో 152 మంది సగటు వచ్చింది. ఎంఎన్‌ఐ 152 అంటారు. ఈ రోజు మీరు ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా ఎదురయ్యేది దాని పిల్లలో, మనవలో. నడుమ ఒకాయన్ని 27 సార్లు స్కాన్ చేసి సగటు తీసిన మెదడు కూడా ఉంది, కోలిన్ 27. సగటు మెదడు మసగ్గా ఉంటుంది, కోలిన్ మెదడు స్పష్టంగా ఉంటుంది. బొమ్మ అందంగా కనబడుతుందని దాన్నే వాడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నా అభిప్రాయం అడిగితే, అందం కోసం ఒక మనిషి మడతల్ని అందరి నెత్తినా రుద్దడం సరైన పని కాదు.

ఇప్పుడు అసలు విషయం. మాంట్రియల్ సగటు మెదడుని తలైరాక్ మెదడుకి సరిపోయేలా చేయాలనే మొదలెట్టారు. కానీ అది అంతకంటే పెద్దదిగా తేలింది. మధ్యలో రెండూ దగ్గరగానే ఉంటాయి, అంచులకి వెళ్ళేకొద్దీ తేడా పెరుగుతుంది. అయినా జనం చేసిందేటి? ఎంఎన్‌ఐలో కొలిచిన అంకెని పట్టుకెళ్ళి తలైరాక్ పుస్తకంలో పేజీ తిప్పి ప్రాంతం పేరు రాసుకున్నారు. పత్రాల్లో పైన 'తలైరాక్ కోఆర్డినేట్లు' అని ఉండేది, లోపల అంకెలు ఎంఎన్‌ఐవి. 

1990ల చివర్లో మాథ్యూ బ్రెట్ అనే ఆయన ఒక చిన్న కంప్యూటరు ఫంక్షన్ రాశాడు. ఎంఎన్‌ఐ నుంచి తలైరాక్‌కి. నాలుగైదు లైన్లు, అంతే. ఏసీకి పైనున్న చుక్కలకి ఒక సూత్రం, కిందున్న వాటికి ఇంకో సూత్రం. పై సూత్రం రాస్తాను, కాగితం ఉన్నవాళ్ళు లెక్క కట్టండి. కొత్త మొదటి అంకె: పాత మొదటి అంకెని 0.99తో హెచ్చవేయండి. కొత్త రెండోది: పాత రెండోదాన్ని 0.9688తో, మూడోదాన్ని 0.046తో హెచ్చవేసి కలపండి. కొత్త మూడోది: పాత మూడోదాన్ని 0.9189తో హెచ్చవేసి, అందులోంచి రెండోదానికి 0.0485 రెట్లు తీసెయ్యండి. మన మైనస్ 40, 20, 50కి ఎంతొచ్చింది?

(ప్రేక్షకుల నుంచి: "మైనస్ 39.6, 21.7, 45 సార్")

శభాష్. పైకి 50 ఉన్నది 45 అయింది. అయిదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. మెదడు పైపొర, కార్టెక్స్, మందమే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. అయిదు మిల్లీమీటర్లు జరిగితే ఒక మడతలోంచి పక్క మడతలోకి దూకినట్టే. పేరు మారిపోతుంది, పేరుతో పాటు వ్యాఖ్యానం మారిపోతుంది. 2007లో లాంకాస్టర్ బృందం ఇంకాస్త మెరుగైన మార్పిడి ఇచ్చింది, పైనా కిందా రెండు సూత్రాలు లేకుండా ఒకే మాత్రికతో. పాత పత్రాల ఫలితాలన్నీ పోగుచేసి చూసే మెటా విశ్లేషణ వాళ్ళకి అప్పుడో తలనొప్పి: ఈ పత్రంలో 'తలైరాక్' అని రాశారు సరే, నిజం తలైరాకా, బ్రెట్ సూత్రంతో మార్చినదా, అసలు మార్చనే లేదా? అంకె చూసి చెప్పలేం. రాసినవాళ్ళు చెబితేనే తెలుస్తుంది.

ఇంజనీరింగు పిల్లలకి ఒక మాట. ఎంఆర్‌ఐ బొమ్మలు దాచే నిఫ్టీ అనే ఫైలు ఫార్మాటు ఉంది. దాని హెడర్‌లో, ఈ కొలతలు ఏ స్పేస్‌వో చెప్పడానికి ఒక చిన్న కోడుకి చోటిచ్చారు. 0 అంటే తెలియదు, 1 అంటే స్కానర్ లెక్క, 2 అంటే వేరే స్కాన్‌కి సర్దినది, 3 అంటే తలైరాక్, 4 అంటే ఎంఎన్‌ఐ 152. ఎంత మంచి ఏర్పాటు! కానీ 4 అని ఉంటే, ఏ 152? సరళంగా సర్దినదా, మడతల దాకా వంచి సర్దినదా? ఎఫ్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చేది ఒకటి, ఎఫ్‌ఎంఆర్‌ఐప్రెప్ అనే సాఫ్ట్‌వేర్ మామూలుగా వాడే 2009 నాటిది ఇంకొకటి. పేరు ఒకటే, లోపల ఆకారం ఒకటి కాదు. అందుకే టెంప్లేట్‌ఫ్లో అనే ప్రాజెక్టు వాళ్ళు పేరులోనే తరం, ఏడాది, సౌష్ఠవం అన్నీ గుచ్చి ఇంత పొడుగు పేర్లు పెట్టారు. చదవడానికి నోరు తిరగదు కానీ తికమక ఉండదు.

మనుషుల సంగతి ఇక్కడ ఆపుతాను. నేను రోజూ పనిచేసేది ఈగ మెదడు మీద.

(నవ్వులు)

నవ్వండి, నవ్వండి. మా బంధువులు కూడా నవ్వుతారు. ఉద్దానం పనసపండు కోసి అరుగు మీద పెడితే చిన్న చిన్న ఈగలు ముసురుతాయే, అవే. డ్రోసోఫిలా. ఒక మిల్లీమీటరు కూడా వెడల్పు లేని మెదడు. 2024 అక్టోబరులో ఫ్లైవైర్ అనే బృందం ఒక ఆడ ఈగ మెదడు మొత్తాన్ని, ప్రతి నాడీకణాన్నీ, వాటి మధ్య కలిసే చోట్లనీ పటం గీసి బయటపెట్టింది. 1,39,255 నాడీకణాలు. మనిషి మెదడుకి ఇలాంటిది మన తరంలో వస్తుందని నేననుకోను.

దీనికి ముందూ పక్కనా చాలా పని జరిగింది. తైవాన్‌లో ఫ్లైసర్క్యూట్ అనే భాండారం ఉంది. అక్కడ ఒక్కో ఈగలో ఒక్కో నాడీకణాన్ని వెలిగించి బొమ్మ తీశారు, సుమారు 16,000. అమెరికాలో జనీలియా అనే పరిశోధన కేంద్రం వాళ్ళు జన్యు పద్ధతిలో ఒక్కో రకం కణాల్ని వెలిగించగలిగే ఈగల జాతుల్ని వేల సంఖ్యలో పెంచి వాటి బొమ్మలు తీశారు. 2020లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో హెమీబ్రెయిన్ వచ్చింది, మెదడులో ఒక పెద్ద భాగం, దాదాపు 25,000 కణాలు. ఒక్కొక్కరిదీ ఒక్కో టెంప్లేట్. ఎందుకు? ఒకరు మెదడంతా కనబడటానికి ఎన్‌సీ 82 అనే రంగు వాడారు, ఇంకొకరు వేరే రంగు వాడారు. ఒకరి టెంప్లేట్ ఒకే ఈగది, ఇంకొకరిది ఆడవీ మగవీ కలిపి తీసిన సగటు. స్లైడు మీద ద్రవంలో నానబెట్టినప్పుడు ఒకరి దగ్గర మెదడు ముడుచుకుంది, ఒకరి దగ్గర అంత ముడుచుకోలేదు. ఒకరు మైక్రాన్లలో కొలిచారు, ఒకరు నానోమీటర్లలో, హెమీబ్రెయిన్ ముడి డేటా అయితే 8 నానోమీటర్ల గడుల్లో.

ఇప్పుడు మీ ప్రయోగశాలలో ఒక ఈగ దొరికింది. ఒక కణాన్ని ఆర్పేస్తే అది పండు వాసన పట్టించుకోవడం లేదు. ఆ కణం బొమ్మ జనీలియా స్పేస్‌లో ఉంది. అది ఎవరెవరికి కబురు పంపుతుందో తెలియాలంటే ఫ్లైవైర్‌లో దాన్ని వెతకాలి. ఆ వెతుకులాటకి ముందు రెండూ ఒకే స్పేస్‌లోకి రావాలి. అక్కడ మా ఫంక్షన్ల అవసరం పడుతుంది.

ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాట్ అని ఒక కట్ట, అంటే ప్యాకేజీ, ఉంది, న్యూరోఅనాటమీ టూల్‌బాక్స్‌కి పొట్టి పేరు. కేంబ్రిడ్జిలో గ్రెగ్ జెఫరిస్ బృందం నుంచి వచ్చింది. దాని తోబుట్టువు నాట్ టెంప్లేట్‌బ్రెయిన్స్. అందులో ఎక్స్‌ఫామ్ బ్రెయిన్ అనే ఫంక్షన్ ఉంది. వాడుక చాలా తేలిక: ఇదిగో నా డేటా, ఇది ఫలానా మెదడులో ఉంది, ఫలానా మెదడులోకి తీసుకెళ్ళు. మూడు మాటలు. పైథాన్ వాళ్ళకి నావిస్, ఫ్లైబ్రెయిన్స్ కట్టల్లో ఇదే పని చేసే ఫంక్షన్ ఉంది, పేరు కూడా దాదాపు అదే.

ఈ మూడు మాటల వెనక జరిగేది చూద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇది. పది టెంప్లేట్లు ఉన్నాయనుకోండి. ప్రతి దాన్నుంచీ ప్రతి దానికీ నేరుగా మార్పిడి కట్టాలంటే 90 కట్టాలి. ఒక్కో మార్పిడి కట్టడమంటే కంప్యూటరు గంటల తరబడి రెండు మెదళ్ళనీ పక్కపక్కన పెట్టి, ముందు మొత్తంగా తిప్పి, జరిపి, సాగదీసి, ఆ తర్వాత లోపల చిన్న చిన్న గడులుగా విడగొట్టి ఒక్కో గడినీ ఒక్కో రకంగా వంచి చూడటం. చేశాక మనిషి కూర్చుని సరిగ్గా కూర్చుందా లేదా అని కళ్ళతో చూడటం. 90 ఎవరూ చేయరు. అందుకని వంతెనలు. ఫలానా దాన్నుంచి ఫలానా దానికి ఒక వంతెన, అక్కడి నుంచి ఇంకోదానికి ఒకటి. పది టెంప్లేట్లకి తొమ్మిది వంతెనలుంటే చాలు, ఎక్కడి నుంచి ఎక్కడికైనా వెళ్ళొచ్చు. డేటా స్ట్రక్చర్స్ పాఠంలో గ్రాఫులు చదువుకున్నారు కదా, టెంప్లేట్లు నోడ్లు, వంతెనలు అంచులు. ఎక్స్‌ఫామ్ బ్రెయిన్ ముందు గ్రాఫులో దగ్గరి దారి వెతుకుతుంది, ఆ దారిలో ఉన్న మార్పిడులన్నిటినీ వరసగా నడుపుతుంది. మీకు ఇష్టమైన దారి ఉంటే 'దీని మీదుగా వెళ్ళు' అని చెప్పొచ్చు, పైథాన్‌దాంట్లో అయితే 'దీన్ని తప్పించు' అని కూడా చెప్పొచ్చు. పరీక్షలకి చదివిన షార్టెస్ట్ పాత్ ఎందుకూ పనికిరాదని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇక్కడొక మెలిక. దారికి దిశ ఉంది. కొత్త బొమ్మ తయారు చేయాలంటే కంప్యూటరు ఏం చేస్తుంది? పాత బొమ్మలో ప్రతి గడినీ తీసి కొత్తదాంట్లో విసరదు. విసిరితే కొన్ని గడులు రెండుసార్లు నిండుతాయి, కొన్ని ఖాళీగా ఉండిపోతాయి. అందుకని కొత్త బొమ్మలో ప్రతి గడి దగ్గరా ఆగి, 'నువ్వు పాత బొమ్మలో ఎక్కడి నుంచి రావాలి?' అని వెనక్కి అడుగుతుంది. అంటే బొమ్మ ముందుకి వెళ్ళాలంటే మార్పిడి వెనక్కి కావాలి. చుక్కలకి అలా కాదు. నాడీకణాన్ని మనం చుక్కలూ గీతలుగా దాస్తాం. చుక్కకి ముందుకి వెళ్ళే మార్పిడే కావాలి. ఒకే వంతెన, బొమ్మ ఒక దిశలో అడుగుతుంది, చుక్క ఎదురు దిశలో అడుగుతుంది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ ఇక్కడ కొన్నాళ్ళు బుర్ర గోక్కుంటారు. మనుషుల మెదళ్ళకి వాడే యాంట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే కథ, పైగా అక్కడ చుక్కల ఎడమ కుడీ, ముందు వెనకల గుర్తులు నిఫ్టీకి తలకిందులు. ప్లస్ ఉన్న చోట మైనస్ పెట్టి పంపాలి.

వంచిన మార్పిడిని వెనక్కి తిప్పడం అంత సులువు కాదు. సూత్రంగా దొరకదు, కంప్యూటరు అటూ ఇటూ వెతుక్కుంటూ దగ్గరికి చేరాలి. కొన్ని చోట్ల, ముఖ్యంగా మెదడు అంచు బయట, చేరలేదు. అందుకే నాట్‌లో దారి వెతికేటప్పుడు ఎదురు దిశ వంతెనలకి ఎక్కువ సుంకం వేయొచ్చు. తప్పదంటేనే ఆ దారి. చేరలేని చుక్క దగ్గర ఫంక్షన్ ఏదో ఒక అంకె ఇచ్చి ఊరుకోదు, 'ఎన్ఏ' అని పెట్టి హెచ్చరిస్తుంది. కొత్తవాళ్ళకి అది చిరాకు. నాకైతే సాఫ్ట్‌వేర్‌లో అంతకంటే మర్యాదైన ప్రవర్తన కనిపించదు. తెలియనప్పుడు తెలియదనడం పెద్ద పెద్ద ప్రోగ్రాములకే చేతకాదు.

ఇంకో చిన్న ఏర్పాటు. నాట్‌లో డేటాకి తను ఏ టెంప్లేట్‌లో ఉందో రాసి అంటించుకునే వీలుంది. ఒకసారి అంటిస్తే తర్వాత 'ఎక్కడికి' అన్నది చెబితే చాలు, 'ఎక్కడి నుంచి' అన్నది డేటానే చెబుతుంది. మార్పిడి అయ్యాక పాత పేరు తీసి కొత్త పేరు అంటిస్తుంది. వినడానికి ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ తలైరాక్ గొడవంతా ఈ పేరు లేకపోవడం వల్ల వచ్చిందే కదా. మార్పిడి గణితం కష్టమే, దాన్ని టోర్‌స్టెన్ రోల్ఫింగ్ రాసిన సీఎంటీకే లాంటి, బొమ్మని బొమ్మకి సర్దే ప్రోగ్రాములు రాసినవాళ్ళు చూసుకున్నారు. మాలాంటి వాళ్ళ కోడులో విలువైన పని పేరుని అంకెతో పాటు మోసుకెళ్ళడం.

ఇప్పుడు అద్దం కథ. మిర్రర్ బ్రెయిన్ అని ఒక ఫంక్షన్ ఉంది. ఎడమ వైపు కణాన్ని కుడి వైపుకి తీసుకెళుతుంది. ఎందుకంటే ఒకరు ఎడమ కణానికి బొమ్మ తీస్తారు, ఇంకొకరు కుడి కణానికి, పోల్చాలంటే ఒక వైపుకి తేవాలి. మధ్యగీత దగ్గర మడిచేస్తే అయిపోదా? కాదు. టెంప్లేట్ మెదడు కొద్దిగా వంకరగా ఉంటుంది, ఒక పక్క కాస్త ముందుకి, ఒక పక్క కాస్త వెనక్కి. అందుకని ముందు తిప్పేసి, తిప్పిన మెదడుని అసలు మెదడుకి మళ్ళీ సర్దే ఇంకో మార్పిడి నడుపుతుంది. వద్దంటే ఊరికే తిప్పి వదిలేయమని కూడా చెప్పొచ్చు.

ఈగ మెదడులో అసిమెట్రిక్ బాడీ అనే చిన్న భాగం ఉంది. రెండు వైపులా సమానంగా ఉండదు, చాలా ఈగల్లో కుడి వైపు పెద్దది. ఫ్లైవైర్ వాడిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మల సముదాయం ఒకటుంది, ఎఫ్ఏఎఫ్‌బీ, 2018లో బయటకొచ్చింది. అందులో చూస్తే ఎడమ వైపు పెద్దది. సరే, ఈ ఈగ అపురూపమైనది కాబోలు అనుకోవచ్చు. తర్వాత తేలింది ఏటంటే ఈగ మామూలుదే, డేటా తయారయ్యే క్రమంలో ఎడమ కుడీ తారుమారయ్యాయి. అప్పటికే దాని మీద బోలెడు పని జరిగిపోయింది. డేటా మొత్తం తిప్పేస్తే పాత అంకెలన్నీ చెల్లకుండా పోతాయి. అందుకని కొలతల్ని అలాగే ఉంచి, కణాల పట్టికలో ఏది ఎడమో ఏది కుడో శరీరం లెక్క ప్రకారం సరిచేసి రాశారు. తెర మీద చూస్తే అటు ఇటుగా కనబడుతుంది, పట్టికలో సరిగ్గా ఉంటుంది. అలా దిద్దడం సరైన నిర్ణయమే అని నా ఉద్దేశం. కొందరికి నచ్చలేదు. ఎంత మంచి ఫంక్షన్ అయినా ఈ తప్పు పట్టుకోలేదన్నది గమనించండి. ఎడమ కుడీ సమానంగా ఉండే చోట తిరగబడ్డ మెదడు కూడా చక్కగా సర్దుకుంటుంది. పట్టించింది ఆ ఒక్క చిన్న వంకర భాగమే.

తప్పు ఎంత ఉందో ఎలా తెలుసుకోవాలి? చాలామంది చేసే పరీక్ష ఏటంటే, చుక్కని అక్కడికి పంపి, తిరిగి ఇక్కడికి తెచ్చి, మొదటి చోటే పడిందా అని చూడటం. పడితే సంబరం. నేను ఆ పరీక్షని నమ్మను. వెనక్కి తిప్పే లెక్క బాగా పనిచేస్తోందని మాత్రమే అది చెబుతుంది. తప్పు చోటికి వెళ్ళి అదే దారిన తిరిగొచ్చినా సున్నా తేడాయే వస్తుంది. సరైన పరీక్షకి రెండు మెదళ్ళలోనూ మనం కచ్చితంగా గుర్తుపట్టగలిగే కణం కావాలి. ఇక్కడి కణాన్ని అక్కడికి పంపి, అక్కడున్న అదే రకం కణం పక్కన పెట్టి దూరం కొలవాలి. వంతెన వంతెనకీ కొంత తేడా పోగవుతుంది, కాబట్టి మూడు వంతెనల దారిలో వచ్చిన డేటాని ఒకే వంతెన మీద వచ్చినదాంతో సమానంగా నమ్మకూడదు. 2020లో జనీలియా వాళ్ళు జేఆర్‌సీ 2018 అనే టెంప్లేట్లు ప్రచురించారు, ఆడదానికొకటి, మగదానికొకటి, ఇద్దరికీ కలిపి ఒకటి. చాలా మెదళ్ళ సగటు, సౌష్ఠవంగా కూడా. ఇప్పుడు చాలా దారులు దాని మీదుగా పోతున్నాయి, పాత మెలికలు కొన్ని తగ్గాయి.

ఒక చిన్న విషయం చెప్పి ప్రశ్నలకి వస్తాను. మార్చేది బొమ్మ కాకుండా ప్రాంతాల నంబర్ల పటమైతే, అంటే ఈ గడి 17, ఆ గడి 19 అని రాసి ఉన్న పటమైతే, మధ్యలో పడ్డ గడికి సగటు తీయకండి. 17కీ 19కీ మధ్య 18 వస్తుంది, 18 అంటే వేరే ప్రాంతం. దగ్గరున్న గడి నంబరే తీసుకోమని చెప్పాలి. ఫంక్షన్‌కి ఆ మాట మీరు చెప్పకపోతే దానంతట దానికి తెలియదు.

అడగండి.

(ఒక విద్యార్థిని: "సార్, ఈ టెంప్లేట్లన్నీ ఫ్రాన్సువాళ్ళవీ, కెనడావాళ్ళవీ. మనోళ్ళ తల వాటికి సరిపోద్దా?")

మంచి ప్రశ్నమ్మా. హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ వాళ్ళు 2019లో, వంద మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల స్కాన్లతో భారతీయ మెదడు అట్లాసు ఒకటి తయారు చేశారు. వాళ్ళు చూసినదాన్ని బట్టి మన మెదడు పాశ్చాత్యుల టెంప్లేట్ కంటే ఎత్తులోనూ వెడల్పులోనూ కొంచెం చిన్నది. చిన్నదంటే తెలివి తక్కువని కాదు, మొహం అలా పెట్టకండి. (నవ్వులు) బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు ఆరేళ్ళ పిల్లల నుంచి అరవయ్యేళ్ళ వాళ్ళ దాకా అయిదు వయసు వర్గాలకి వేరువేరు టెంప్లేట్లు చేశారు. ఇది ఇంకా మంచి ఆలోచన. పదేళ్ళ పిల్లాడి మెదడుని మధ్యవయసు మనిషి టెంప్లేట్‌కి లాగి పెట్టడం కంటే దగ్గరి టెంప్లేట్‌కి సర్దితే తక్కువ వంచాల్సి వస్తుంది, తక్కువ వంచితే తక్కువ తప్పు. కాకపోతే ఫలితాన్ని ప్రపంచంతో పోల్చాలంటే అక్కడి నుంచి ఎంఎన్‌ఐకి ఒక వంతెన ఎలాగూ కట్టాలి.

(మరో విద్యార్థి: "పక్షవాతం వచ్చినోళ్ళ మెదడులో ఒక ముక్క పోయి ఉంటాది కదండీ. అదెలాగ సర్దుతారు?")

పోయిన ముక్కని పూడ్చాలని సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కలవన్నీ అందులోకి లాగేస్తుంది. టెంప్లేట్‌లో అక్కడ కణజాలం ఉంది, రోగి మెదడులో లేదు, తేడా తగ్గించడమే దాని పని కాబట్టి అలా చేస్తుంది. అందుకని దెబ్బతిన్న చోటు చుట్టూ గీత గీసి, 'ఇక్కడి తేడాని లెక్కలోకి తీసుకోవద్దు' అని చెబుతారు. మిగతా మెదడుని బట్టి ఆ చోటు కదులుతుంది. ఆ గీత ఎవరు గీస్తారు? చాలా చోట్ల ఇప్పటికీ రేడియాలజీ చదివిన మనిషి కూర్చుని గీయాల్సిందే, లేదా యంత్రం గీసింది ఆ మనిషి దిద్దాల్సిందే.

(ఒక అధ్యాపకుడు: "మా పిల్లలు మొదలుపెట్టాలంటే ఏం కావాలి మాస్టారూ? మా ల్యాబులో పెద్ద యంత్రాలు లేవు.")

పెద్ద యంత్రాలు వంతెన కట్టడానికి కావాలండీ, దాటడానికి అక్కర్లేదు. కట్టిన వంతెనలు ఉచితంగా దొరుకుతున్నాయి. మామూలు ల్యాప్‌టాప్, అందులో ఆర్ గానీ పైథాన్ గానీ. ఫ్లైవైర్ నుంచి ఒక కణం, హెమీబ్రెయిన్ నుంచి అదే రకం కణం తీసుకోమనండి. రెండిట్నీ జేఆర్‌సీ 2018లోకి తెచ్చి త్రీడీలో ఒకదాని మీద ఒకటి పెట్టి తిప్పి చూడమనండి. ముందు యూనిట్లు చూసుకోవాలి. నానోమీటర్లని మైక్రాన్లనుకుంటే కణం మెదడు దాటి ఎక్కడో పడుతుంది. అది మంచి తప్పే, వెంటనే కనబడుతుంది. కాకపోతే వంతెనల ఫైళ్ళు కొన్ని బాగా పెద్దవి. ఇక్కడ నెట్ ఎలా ఉందండీ?

(నవ్వులు. "మధ్యాహ్నం అసలు రాదు సార్!")

అయితే రాత్రి డౌన్‌లోడ్ పెట్టేసి పడుకోండి.